నవారు కట్టిన నల్లమూతి గొర్రె

నవారు మంచం ఉన్న ఇల్లు ఇప్పుడు మట్టెవాడలో వెతికినా దొరకదేమో కానీ, మా ఇంట్లో మొన్నమొన్నటి దాకా ఒకటి ఉండేది. మధ్యాహ్నం దాని మీద కునుకు తీయడం మా ఆయనకు జన్మహక్కు. ఒక ఆదివారం ఆయన బజారుకు పోయి వచ్చేసరికి ఆ మంచానికి కోళ్ళూ పట్టెలూ మాత్రం మిగిలాయి. నవారంతా చుట్ట చుట్టుకొని నా స్కూటీ డిక్కీలో ఉంది.

"ఏంది, మంచాన్ని అమ్మేసినవా?" అన్నారు.

"కాదు, గొర్రెకు కట్టాలె" అన్నాను.

నా ఉద్యోగాన్ని మొదటి నుంచీ చూసిన మనిషి కాబట్టి ఆయన ఇంకో ప్రశ్న వేయలేదు. చాప పరుచుకొని పడుకున్నారు.

పశువుల దవాఖానల్లో కొత్తగా చేరుతున్న డాక్టర్లు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మేడం, మీ సర్వీసులో మరిచిపోలేని కేసు చెప్పండి" అంటుంటారు. బావిలో పడ్డ గేదెనో, ఊళ్ళోకొచ్చిన ఎలుగుబంటినో చెబుతానని ఎదురుచూస్తారు. గొర్రె అనగానే మొహాలు వాడిపోతాయి. వాడితే వాడనీయండి. ఆ గొర్రె సంగతి నేను కుర్చీలో కూర్చొని చెప్పలేను, లేచి నిలబడి చేతులు ఊపుతూ చెబుతాను. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి మీరు బతికిపోయారు.

రిటైరయ్యే ముందు నా ఆఖరి పోస్టింగు నర్సంపేట దాటాక ఒక పల్లెలో. రెండు గదులు, ముందర ఒక రేకుల షెడ్డు, ఒక కాంపౌండరు, నేను. అదీ దవాఖాన. కాంపౌండరు పనిలో పులి, మాటలో శకునపక్షి. ఏ జీవం వచ్చినా ముందు "ఇది బతకది మేడం" అనేసి, తర్వాత దాన్ని బతికించడానికి నాకంటే ఎక్కువ చెమటోడ్చేవాడు. నాకేమో కోపం ముక్కు మీదే ఉంటుంది. మా ఇద్దరి అరుపులు విని, దవాఖాన తెరిచారా లేదా అన్నది ఊరి చివరనుంచే కనిపెట్టేవారు రైతులు.

వరి కోతలు అయిపోయి, పత్తి ఏరుతున్న రోజులవి. మా దిక్కు గొర్రెలు ఎక్కువగా ఈనేది అప్పుడే. ఒక పొద్దున బండి మీద మొగుడూ పెళ్ళాలు వచ్చారు. మొగుడు నడుపుతున్నాడు, వెనక ఆ అమ్మాయి నిండు సూడి గొర్రెను ఒళ్ళో కావలించుకొని కూర్చుంది. తెల్లటి గొర్రె, మూతి మాత్రం మసి పూసినట్టు నల్లగా ఉంది.

"మేడం, జర జల్ది చూడుండ్రి. తోక కింద ఎర్రగ బయటికొచ్చింది. కూసుంటె వస్తాంది, లేస్తె పోతాంది అనుకున్న. ఇయ్యాల లేసినా పోతలేదు."

దీన్నే మెయ్య దిగడం అంటారు. ఈనే రోజులు దగ్గరపడితే లోపలి కట్టు వదులవుతుంది. కడుపులో పిల్లల బరువు వెనక్కి తోస్తుంటే, ఈతదారి గోడ బయటికి జారుతుంది. నల్లమూతి గొర్రెకు నారింజకాయంత ఎర్రటి ముద్ద వేలాడుతోంది, మట్టీ గడ్డిపరకలూ అంటుకొని ఉన్నాయి.

"ఇది బతకది మేడం" అన్నాడు కాంపౌండరు, అప్పటికే బకెట్లో నీళ్ళు పట్టుకుంటూ.

చదువుకునే పిల్లల కోసం ఒక్క ముక్క చెబుతాను. వెనక భాగం ఎత్తులో పెట్టండి, సగం పని అదే చేస్తుంది. చల్లటి ఉప్పునీళ్ళతో కడగండి. వాపు తగ్గకపోతే పైన చక్కెర చల్లి కాసేపు ఆగండి, నీరు లాగేస్తుంది. వేళ్ళతో పొడవకండి, అరచేతితో నిదానంగా లోపలికి నెట్టండి. నిదానం అనే మాట నా నోట వింటే మా కాంపౌండరు నవ్వుతాడు, కానీ ఆ ఒక్క పనిలో నేను నిదానమే. లోపలికి పోయాక మళ్ళీ జారకుండా, మెడ నుంచి నడుము మీదుగా తోక కిందికి గుర్రపు జీనులా తాడు కట్టాం. ఆ తాడు కింద మెయ్య ఆగుతుంది, గొర్రె తన పనులు తాను చేసుకుంటుంది.

నాలుగు రోజులు కాకుండానే అదే అమ్మాయి ఇంకో గొర్రెను తెచ్చింది. అదే జబ్బు. దానికీ అదే వైద్యం చేశాం, అది తర్వాత ఏ ఇబ్బందీ లేకుండా ఈనింది. మూడోసారి మాత్రం అమ్మాయి రాలేదు, ఆమె మామ వచ్చాడు. ఆయన భుజం మీద గొర్రె ఉంది. పొలంలో మెయ్య జారి పడిపోయి ఉంటే ఎవరూ చూడలేదు, కాకులు చూశాయి. అంతకంటే వివరంగా చెప్పను. షెడ్డులో దించిన కాసేపటికే అది చనిపోయింది. కడుపులో రెండు పిల్లలు, అవీ దక్కలేదు.

పెద్దాయన తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఊళ్ళో పెద్ద మంద ఆయనది, గొర్రెల మధ్యే పుట్టి పెరిగినవాడు.

"డాక్టరమ్మా, నా మందల ఇన్ని గొర్లున్నయి. ఒక్కదానికి మెయ్య దిగలే. కోడలు తెచ్చిన వాటికే దిగుతాంది. ఆ సంతే మంచిది గాదు. అంగడి నాడు కసాయిని రమ్మంటా, ఉన్నయన్నీ ఎక్కిస్త. ఏమంటవు?"

సంతు అంటే వంశం. పెద్దాయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఒకసారి మెయ్య దిగిన గొర్రెను మళ్ళీ సూడి కట్టనీయొద్దని, ఆ బలహీనత సంతులో వచ్చే అవకాశం ఉందని మేమూ చదువుకున్నాం. అదే చెప్పాను. ఆయన తల ఊపి పోయాడు. తాడు కొన మీద రక్తపు మరకలు కనిపించాయని, మొదటి గొర్రెకు కట్టిన మా తాడు ఒరుసుకొని పుండు పడిందని, పోతూ పోతూ కాంపౌండరును నాలుగు తిట్టి మరీ పోయాడు. "జారుముడి అట, జారుముడి! రెండుసార్లు ఊడిపోయె!" అన్నాడు.

ఆ సాయంత్రమే అమ్మాయి దవాఖానకు పరుగెత్తుకొచ్చింది. వచ్చీరాగానే నా మీద పడింది.

"అమ్ముమని మీరు చెప్పిన్రట గద మేడం! మీకు తెలుసా అవి ఏం గొర్లో?"

"ఏం గొర్లు?"

"అరణం గొర్లు!"

కోపంలో కూడా నాకు అర్థమయ్యేలా చెప్పింది. గొల్లల ఇళ్ళల్లో ఆడపిల్ల అత్తవారింటికి పోయేటప్పుడు తండ్రి అరణంగా గొర్రెలు ఇస్తాడు. ఈ పిల్లకు ఐదిచ్చాడు. వాటి ఎడమ చెవికి కింది అంచున పుట్టింటి గాటు ఉంటుంది. అవి అత్తవారి మందలోనే మేస్తాయి కానీ, వాటికి పుట్టినవన్నీ ఆ అమ్మాయివే. ఆ సంతు ఎంత పెరిగితే ఆ ఇంట్లో ఆమె మాటకు అంత బరువు.

"ఇల్లు వాళ్ళది, మంద వాళ్ళది. నాదంటూ ఉన్నయి గవ్వే. పోయినేడు నా గొర్లకు పుట్టిన పిల్లలకు మామ ఏం చేసిండో ఎరుకేనా? కుడి చెవికి గాటు పెట్టిండు, వాళ్ళింటి గాటు. అడిగితే మర్సిపోయిన బిడ్డా అన్నడు. ఈయేడన్న నా పిల్లలు నాకుంటయి అనుకున్న. ఇప్పుడు తల్లులనే అమ్ముతాండు!"

ఆమె ఏడవలేదు. ఏడిస్తే నేను ఓదార్చి పంపేసేదాన్నేమో. ఆమె నన్ను నిలదీసింది, దాంతో నాకు కోపం వచ్చింది. నాకు కోపం వస్తే బుర్ర పనిచేస్తుంది, అదొక్కటే దేవుడు నాకిచ్చిన వరం. పోయినేడు పిల్లలు పుట్టాయి అంటోంది. మరి పోయినేడు మెయ్య దిగిందా?

"లేదు మేడం. నా తోడు, ఒక్కదానికి దిగలే."

సంతులోనే లోపం ఉంటే పోయినేడు ఎందుకు రాలేదు? వాళ్ళ నాన్నకు ఫోన్ చేయమన్నాను. ఆయన ఫోన్లోనే లేచి నిలబడ్డాడని గొంతు వింటే తెలిసింది. "మా మందల మెయ్య దిగుడా? మా తాతల నాటి నుంచి లేదు! ఎవరన్నరా మాట?" అని అరిచాడు. నేను గెలిచినట్టు కాంపౌండరు వైపు చూశాను.

"బిడ్డకిచ్చిన సొమ్ముకు వంకుందని ఏ తండ్రి ఒప్పుకుంటడు మేడం?" అన్నాడు ఆ శకునపక్షి, దూది చుడుతూ.

నిజమే. ఫోన్లో తేలే సంగతి కాదు. మర్నాడు పొద్దుగూకకముందే వాళ్ళింటికి పోయాం.

మందలు ఊళ్ళోకి తిరిగొచ్చే వేళ అది. పెద్దాయన మంద ఇంటికి రాదు, కోత కోసిన పొలాల్లోనే రాత్రి మంద పెడతారు, ఆ ఎరువు పొలానికి. వందల గొర్రెలు ఆ దిక్కుకు మళ్ళాయి. అందులోంచి నాలుగు మాత్రం విడిపోయి, ఎవరూ తోలకుండానే, పొట్టలు ఊపుకుంటూ ఇంటి వైపు పరుగెత్తాయి. ముందర నల్లమూతిది, తాడుతో సహా. నేను వాటి వెనక పరుగెత్తాను. నా వెనక కాంపౌండరు "మేడం, మోకాళ్ళు, మోకాళ్ళు" అని అరుస్తూ వచ్చాడు. నా మోకాళ్ళ సంగతి వాడికి తెలుసు.

గొర్రెలు ఇంటి వెనక పెరట్లోకి పోయాయి. అక్కడ అమ్మాయి బకెట్ పట్టుకొని నిలబడి ఉంది. గంజి, తవుడు, మక్కపిండి కలిపిన కుడితి. పగలంతా మేసి వచ్చిన గొర్రెలు ఆ బకెట్లో మూతులు ముంచి, అడుగు కనబడేదాకా ఎత్తలేదు. ఆమె ఇంకో బకెట్ తెచ్చింది.

నేను నల్లమూతిదాని నడుము మీద చేయి పెట్టి నొక్కాను. కొవ్వుకు వెన్నెముక చేతికి తగలలేదు! మెత్తటి పరుపు మీద చేయి పెట్టినట్టుంది. మిగతా వాటివీ అంతే. పొలంలో ఉన్న పెద్దాయన గొర్రెలకైతే వెన్నుపూసలు లెక్కపెట్టుకోవచ్చు.

"రోజూ పెడతవా ఇంత?"

"పోయినేడు ముద్దంత పెట్టిన. ఈసారి పొట్టలు పెద్దగున్నయని ఎక్కువ చేసిన." బకెట్ కింద పెట్టి, "మా అవ్వ చెప్పింది మేడం. అత్తగారి మందల కలిసినంక గొర్రె నిన్ను మర్సిపోవద్దంటె రోజూ నీ చేతి కూడు తినాలె అని. అందుకే పొలంల పండనియ్య. రాత్రి గీడనే పంటయి, నా తలుపు కాడ" అంది.

ఆ మాట అంటుండగానే గొర్రెలు తిండి ముగించి ఒక్కొక్కటే పడుకున్నాయి. నాలుగూ ఒకే తీరుగా పడుకున్నాయి. తలలు వంటింటి తలుపు వైపు, తోకలు అవతలి వైపు. తలుపులోంచి ఆమె ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాయి. నేను కూడా ఆ తలుపు వైపు చూశాను, తర్వాత నేల వైపు చూశాను. అప్పుడు వేసిన కేక ఆ వాడకట్టంతా విన్నది.

"వాలు! వాలు చూడవయ్యా!"

తలుపు దగ్గర నేల ఎత్తుగా ఉంది. అక్కడి నుంచి పెరడు మోరీ కాలువ దాకా పల్లానికి జారుతోంది. తలుపు వైపు తల పెట్టి పడుకున్న గొర్రెకు తల ఎత్తులో, వెనక భాగం పల్లంలో. నిండు పొట్ట, దాని మీద రెండు బకెట్ల కుడితి, లోపల రెండేసి పిల్లలు. రాత్రి పొడుగునా ఆ బరువంతా వెనక్కే తోస్తుంటే మెయ్య దిగక ఏం చేస్తుంది? ఆ అమ్మాయి మీది ప్రేమతోనే అవి తలకిందుల దిక్కుకు పడుకున్నాయి.

"ఈ మట్టి ఎవరు పోసిన్రు?"

పెద్దాయన అప్పుడే లోపలికొస్తున్నాడు. "నేనే పోయించిన. వానకాలం నీళ్ళు ఇంట్లకొస్తయని గీ ఎండాకాలమే..." అని సగంలో ఆగిపోయాడు. గొర్రెల మనిషి కదా, వేరే చెప్పక్కరలేకుండా అర్థమైంది. పోయినేడు ఈ వాలు లేదు. కోడలి బకెట్, మామ మట్టి. తిలాపాపం తలా పిడికెడు.

అయినా గెలిచానని ఎగిరి గంతేసే వీలు లేదు. ఆ అమ్మాయికి ఉన్నది ఉన్నట్టు చెప్పాల్సిందే. కారణం ఏదైనా, ఒకసారి జారిన గొర్రెకు వచ్చే ఈతలోనూ జారే భయం ఉంటుంది. "బిడ్డా, మెయ్య దిగిన తల్లులను ఉంచుకోవద్దు. పిల్లలు పాలు మానినంక అమ్ముడే మంచిది. కానీ పిల్లల తప్పేం లేదు, వాటిని ఉంచుకో" అన్నాను. ఆమె నల్లమూతిదాని చెవి నిమిరింది. తర్వాత, "తల్లి పోయినా పిల్లుంటె సంతు ఉన్నట్టే గద" అంది. ఆ మాట అనడానికి ఆమె ఎంత మింగిందో నాకు తెలుసు.

పెద్దాయన అంత తేలిగ్గా లొంగలేదు. "నల్లమూతిదానిదే పెద్ద కష్టం. అది సక్కగ ఈనితే మీ మాట నిజం, పిల్లలుంటయి. ఈనకుంటే అన్నీ బండెక్కుతయి" అన్నాడు. కసాయికి మాట ఇచ్చేశాడట, అంగడి నాడు అతను ఎటూ వస్తాడు. సరే అన్నాను. అనకుండా ఉండే తెలివి నాకెప్పుడూ లేదు.

గొర్రెలను పెరట్లోంచి పక్కనున్న చదును జాగాకు మార్చాం. వెనక కాళ్ళ కింద ఎత్తుగా గడ్డి పరిచాం. బకెట్ మళ్ళీ ముద్దకు దిగింది. ఇక మిగిలింది ఒరుసుకున్న తాడు. తాడు కంటే వెడల్పుగా, మెత్తగా, గట్టిగా ఉండేది ఏముంది అని ఆలోచిస్తూ ఇంటికొచ్చేసరికి మా ఆయన మంచం కనిపించింది. ఆ ఆదివారం సంగతి ముందే చెప్పాను.

నవారు పట్టీలు గొర్రెలకు భేషుగ్గా కుదిరాయి. పుండు మానింది, మెయ్య లోపలే నిలబడింది. కట్టింది కాంపౌండరే. ఒక్కటే చెప్పాను వాడికి, ముడి జారుముడే వేయమని. ఈనే టైముకు ఒక్క లాగుతో ఊడి రావాలి. వాడు సరే మేడం అన్నాడు.

అంగడి రోజు పొద్దున ఫోన్ మోగింది. అవతల అమ్మాయి అరుస్తోంది. "ఉమ్మనీరు పోయింది మేడం! నల్లమూతిదే! కసాయి గూడ వచ్చిండు!"

కాంపౌండరు సంచి ఒళ్ళో పెట్టుకొని వెనక కూర్చున్నాడు. ఆ మట్టిరోడ్డు మీద నా స్కూటీ అంత వేగంగా పోగలదని దానికే తెలిసి ఉండదు. ఇంటి ముందర ట్రాలీ ఆటో ఆగి ఉంది. కసాయి దానికి ఆనుకొని పళ్ళు కుట్టుకుంటున్నాడు. నేను అతని పక్క నుంచి తుఫానులా లోపలికి పోయాను.

నల్లమూతిది గడ్డి మీద పడుకొని ముక్కుతోంది. అమ్మాయి దాని తల దగ్గర కూర్చొని "నా తల్లీ, నా బంగారూ" అంటోంది. ఆ గొంతు విన్నప్పుడల్లా గొర్రె లేవబోతోంది, ఆమె దిక్కుకు తిరగబోతోంది, తిరిగినప్పుడల్లా నవారు కింద ఎర్రటి అంచు బయటికొస్తోంది.

"బిడ్డా, నువ్వు బయటికి పో!"

"నా గొర్రె మేడం!"

"నీ గొర్రె కాబట్టే పో! నీ గొంతు వినబడితే అది కుదురుగ ఉండది. గోడ ఎనక నిలబడు. నేను రమ్మనేదాక రావద్దు!"

పోయింది. అంత మొండి పిల్ల, ఒక్కసారి నా మొహం చూసి గోడ వెనక్కి పోయింది. గొర్రె తల వాల్చింది. పెద్దాయనను పిలిచి, "అన్నా, వెనక కాళ్ళు ఎత్తి పట్టుకో" అన్నాను. ఆయన మారుమాట్లాడకుండా పట్టుకున్నాడు. చిన్న చిన్న గిట్టలు రెండు, వాటి మీద ముక్కు కనిపించాయి. పిల్ల సరైన తీరులోనే వస్తోంది. ఇక నవారు విప్పడమే. ముడి కొస పట్టుకొని లాగాను.

రాలేదు. మళ్ళీ లాగాను. అది జారుముడి కాదు, పీటముడి! ఉమ్మనీటికి తడిసిన నూలు, బిగుసుకొని రాయి అయి కూర్చుంది.

కాంపౌండరు మొహం తెల్లబోయింది. "ఊడిపోతాందని పెద్దాయన తిట్టె గద మేడం... ఊడొద్దని గట్టిగేసిన."

"కత్తెర తియ్యి!"

"కత్తెర... మరుగుతాంది మేడం. దవాఖానల. స్టవ్ మీద."

నేను అన్న మాటలు ఇక్కడ రాయను, పిల్లలు చదువుతారు. పిల్ల ముక్కు నవారుకు అడ్డంపడి ఆగింది, దాని నాలుక నీలం తిరుగుతోంది. ఇంట్లో కొడవళ్ళన్నీ మేత కోయడానికి పోయాయి, కత్తిపీట ఇక్కడికి పనికిరాదు. గోడ వెనక నుంచి "ఏమైతాంది? ఏమైతాంది మేడం?" అని అరుపు. "ఏం గాలే! ఏం గాలే!" అని కాంపౌండరు అరుపు. అప్పుడు నా భుజం పక్క నుంచి ఒక చేయి వచ్చింది, ఆ చేతిలో పిడి నా వైపు తిప్పి పట్టిన కత్తి ఉంది.

"గిది తీస్కో అమ్మా. మంచి పదునుంటది" అన్నాడు కసాయి.

గొర్రె కసాయివాణ్ణే నమ్ముతుందని సామెత చెప్పి నవ్వుకుంటాం. ఆ రోజు గొర్రెతో పాటు మేమంతా కూడా అతన్నే నమ్మాం. ఒక్క వేటుకు మా ఆయన నవారు తెగింది. ఇప్పుడు లోపలి గోడను ఆపడానికి పట్టీ లేదు, నా ఎడమ అరచేయి మాత్రమే ఉంది. దాంతో అంచును నొక్కి పట్టి, కుడిచేత్తో పిల్లను కిందికి లాగాను. వచ్చింది. జారి గడ్డి మీద పడింది. కదల్లేదు.

"ఇది బతకది మేడం" అన్నాడు కాంపౌండరు. అంటూనే దాని ముక్కులో నోట్లో జిగురు తీసి, వెనక కాళ్ళు పట్టి ఊపి, గడ్డితో బరబరా రుద్దాడు. చెంపలంట నీళ్ళు కారుతున్నాయి వాడికి. పిల్ల తుమ్మింది. ఇంకోసారి తుమ్మి, సన్నగా అరిచింది. ఆ అరుపుకు నేనూ అరిచాను, పెద్దాయనా అరిచాడు, కసాయి కూడా "షాబాష్!" అన్నాడు. అంతలోనే రెండోది వచ్చేసింది, అది పుడుతూనే కాళ్ళు తన్నుకుంది, మూతి నల్లగా.

అసలు భయం ఆ తర్వాతే. పిల్లలు పుట్టాక కూడా తల్లి ముక్కుతూ ఉంటే ఈసారి మొత్తం గర్భసంచే తిరగబడి బయటికొస్తుంది. నా అరచేయి తీయలేదు. పెద్దాయన కాళ్ళు దించలేదు. గొర్రె ఒకసారి ముక్కింది, ఇంకోసారి ముక్కింది, తర్వాత మెడ తిప్పి పిల్లలను నాకడం మొదలుపెట్టింది. మాయ దానంతట అదే పడింది. మెల్లగా చేయి తీశాను. ఏమీ జారలేదు. తోక కింద అంతా ఎక్కడిదక్కడే ఉంది.

నేను గడ్డిలో కూలబడి, పిచ్చిదానిలా నవ్వాను. కాంపౌండరు నా పక్కనే కూలబడ్డాడు. పీటముడి గురించి వాణ్ణి తిట్టడానికి నోరు తెరిచాను కానీ, ఎంత వెతికినా కోపం దొరకలేదు.

"నా కత్తి ఇస్తే నేను పోతనమ్మా. అంగడి టైమైతాంది" అన్నాడు కసాయి.

కత్తి నా దగ్గర లేదు. గడ్డిలో పడ్డదాన్ని పెద్దాయన తీసుకున్నాడు. ఆయన దాన్ని తువ్వాలతో తుడిచి, నా ముందుకు చాపాడు, స్పిరిట్ పోయమని. పోశాను. ఆ ఇంట్లో గొర్రెపిల్ల పుట్టిన రోజే చెవికి గాటు పెట్టే అలవాటు, మందలో కలిసిపోతే ఎవరిదో తెలియదని. నల్లమూతి పిల్లను ఒళ్ళోకి తీసుకున్నాడు. అలవాటుగా కుడి చెవి పట్టుకున్నాడు. పట్టుకొని అలాగే కూర్చున్నాడు.

నేను ఏమైనా అనాలి, కానీ అది నేను అనేది కాదు.

పెద్దాయన ఆ చెవి వదిలేశాడు. గొంతు సవరించుకొని, ఎటో చూస్తూ, కొంచెం గట్టిగానే అడిగాడు.

"మీ అవ్వగారోళ్ళది ఏ చెవి బిడ్డా?"

ఆ పుట్టింటి గాటు ఆయనకు తెలియక కాదు. పెళ్ళయినప్పటి నుంచీ తన మందలో చూస్తున్నదే. అప్పుడు గుర్తొచ్చింది నాకు, అమ్మాయి ఇంకా గోడ వెనకే ఉంది. రమ్మని చెప్పడం అందరం మరిచిపోయాం. ఏడుపూ నవ్వూ కలిసిన గొంతు గోడ మీదుగా వచ్చింది.

"ఎడమ చెవి మామా! కింది అంచుకు! జర సన్నగ కొయ్యి, పిల్లకు నొస్తది!"